పెట్టె మీద మాటకు పూచీ ఎవరిది?

కంప్యూటర్‌తో కలవని కొత్త పరికరాలు: కొన్నవారు తరచూ అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి ప్రవేశ పరీక్షకు నాలుగు రోజుల ముందు, ఒక శనివారం సాయంత్రం మా ఇంటికి కొత్త ప్రింటర్ వచ్చింది. హాల్ టికెట్ ఇంట్లోనే తీసుకుందామనుకున్నాం. రాత్రి పన్నెండు దాటినా కంప్యూటర్ తెర మీద ఒకటే మాట: పరికరాన్ని గుర్తించలేదు. ఆదివారం సర్వీసు సెంటర్ వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. సోమవారం షాపాయన ‘అమ్మడం వరకే మా పని, కంపెనీని అడగండి’ అన్నాడు. కంపెనీ మనిషి లోపం కంప్యూటర్‌లో ఉందన్నాడు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు వచ్చి, అంతా తిప్పి చూసి, ప్రింటర్‌లోనే ఉందన్నాడు. హాల్ టికెట్ చివరికి జిరాక్స్ షాపులో తీయించాం. పన్నెండు వేలు పోసి కొన్న యంత్రం నెల రోజులకు పైగా బల్ల మీదే దుమ్ము పట్టింది.

ఆ నెలలో వినియోగదారుల చట్టం మొదటి నుంచి చివరి దాకా చదివాను. అప్పటి నుంచి ఇరుగుపొరుగు, బంధువులు, పాఠకులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ఇవి.

పరికరం చెడిపోలేదు. నా కంప్యూటర్‌తో కలవడం లేదు, అంతే. దీన్ని లోపం అనవచ్చా?

అనవచ్చు. అయితే పెట్టె మీద ఏం రాసి ఉందో ముందు చూడాలి.

2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో లోపానికి ఇచ్చిన నిర్వచనం చాలా విశాలమైనది. చట్టం ప్రకారమో, ఒప్పందం ప్రకారమో ఉండాల్సిన నాణ్యత, ప్రమాణం లేకపోతే లోపం. అంతటితో ఆగలేదు. అమ్మేవాడు ఆ సరుకు గురించి ఏ రూపంలో ఏ మాట చెప్పాడో, ఆ మాటకు సరుకు తూగకపోయినా లోపమే. పెట్టె మీది అచ్చు, వెబ్‌సైట్‌లోని వివరాల పట్టిక, ప్రకటన, షాపులో అంటించిన కాగితం, అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి.

మాట ఎంతవరకు ఇచ్చారో హక్కు అంతవరకు. పెట్టె మీద విండోస్ 10, విండోస్ 11 అని రాసి, మీ దగ్గర విండోస్ 11 ఉండి, పరికరం కలవకపోతే అది లోపం. అదే పెట్టె కొని ఇంట్లో విండోస్ 7 కంప్యూటర్‌కు తగిలిస్తే కంపెనీ మాట తప్పినట్టు కాదు. ‘అన్ని కంప్యూటర్లకూ పనిచేస్తుంది’ అని గొప్పగా రాసుకున్న పెట్టె అయితే మీ వాదనకు ఇంకా బలం. అంత పెద్ద మాటకు అంత పెద్ద పూచీ ఉండాలి కదా.

పెట్టె చూడలేదు. షాపాయన నోటితో ‘మీ కంప్యూటర్‌కు పనిచేస్తుంది’ అన్నాడు. ఆ మాట చెల్లుతుందా?

చెల్లుతుంది. ఇక్కడ ఇంకా పాత చట్టం ఒకటి అక్కరకొస్తుంది: 1930 నాటి వస్తువుల విక్రయ చట్టం. దాని 16వ సెక్షన్ ప్రకారం, మీ అవసరం ఏమిటో అమ్మేవాడికి చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి, అతను రోజూ అమ్మే రకం సరుకే కొన్నప్పుడు, ఆ సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలి. ఎవరూ కాగితం మీద రాయకపోయినా ఈ షరతు ఒప్పందంలో ఉన్నట్టే.

కానీ ఆ సెక్షన్‌లోనే ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని గమనించరు. మీరంతట మీరే ఫలానా బ్రాండు, ఫలానా మోడల్ ఇవ్వమని పేరుపెట్టి అడిగి తీసుకుంటే ఈ రక్షణ చాలావరకు పోతుంది. అమ్మేవాడి సలహాను మీరు నమ్మలేదు, పేరును నమ్మారని అర్థం. అందుకే షాపులో ముందు మీ కంప్యూటర్ సంగతి చెప్పండి, ఆ తర్వాత సరుకు అడగండి. ‘నాది ఐదేళ్ళ లాప్‌టాప్, అందులో విండోస్ ఇది, దీనికి ఏది సరిపోతుంది?’ అన్న ప్రశ్న వాట్సాప్‌లో అడిగి, జవాబు వాట్సాప్‌లోనే తీసుకోండి. నోటిమాటను రుజువు చేయడం కష్టం. రాతలో ఉన్న మాటను కాదనడం కష్టం.

మాది డీటీపీ సెంటర్. తెలుగు ఫాంట్ల పాత సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 7 మీదే ఉన్నాం. కొత్త ప్రింటర్లు దానికి కలవడం లేదు. కంపెనీని నిలదీయవచ్చా?

పెళ్ళి కార్డులు, కరపత్రాలు, గ్రామపంచాయతీ నోటీసులు కొట్టే చాలా షాపుల కష్టం ఇది. ఆ సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్‌లో నడవదు, కొత్త ప్రింటర్ పాత కంప్యూటర్‌లో నడవదు. మధ్యలో నలిగేది సాయంత్రానికల్లా కార్డులు ఇవ్వాల్సిన మనిషి.

కంప్యూటర్‌కూ పరికరానికీ మధ్య దుభాషిగా పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ముక్కనే డ్రైవర్ అంటారు. ప్రతి విండోస్‌కూ, అందులోనూ 32 బిట్‌కు ఒకటి, 64 బిట్‌కు ఒకటి రాయాలి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2020 జనవరి 14తో ఆగింది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త పరికరానికి పాత విండోస్ డ్రైవర్ రాసి తీరాలని కంపెనీని బలవంతపెట్టే నియమం మన చట్టంలో లేదు. పెట్టె మీద విండోస్ 7 పేరు ఉంటేనే నిలదీయగలరు. కొన్ని మోడళ్ళ పెట్టెల మీద ఇప్పటికీ ఉంటుంది, వెతికి అవే కొనండి. దొరక్కపోతే తోవ ఒకటుంది. పాత కంప్యూటర్‌లో పేజీని పీడీఎఫ్‌గా మార్చి, పెన్‌డ్రైవ్‌తో కొత్త కంప్యూటర్‌కు తెచ్చి అక్కడి నుంచి ప్రింట్ ఇవ్వడం. ఫాంట్లు పీడీఎఫ్‌లోనే ఇమిడి వస్తాయి కనుక అక్షరాలు చెదరవు.

ఫిర్యాదు చేయకముందు నా వైపు ఏం చూసుకోవాలి?

ఇది చూసుకోకుండా పోట్లాటకు దిగితే కేసు మొదటి రోజే బలహీనపడుతుంది. నా దగ్గరకు వచ్చిన గొడవల్లో కొన్ని పది నిమిషాల్లో తేలిపోయాయి.

మొదట కేబుల్. ఫోన్ చార్జర్ల కోసం వచ్చే కొన్ని యూఎస్‌బీ కేబుళ్ళలో కరెంటు తీగలే ఉంటాయి, సమాచారం మోసే తీగలుండవు. దీపం వెలుగుతుంది, పరికరం మాత్రం కంప్యూటర్‌కు కనబడదు. వైఫై ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలే అందుతుంది. మీ రౌటర్ 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఇస్తుంటే అవి ఎప్పటికీ కలవవు. కొత్త లాప్‌టాప్‌లు కొన్ని విండోస్ ‘ఎస్ మోడ్’లో వస్తాయి. అందులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికేవి తప్ప బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కదు. సెట్టింగ్స్‌లో ఆ మోడ్ నుంచి బయటికి రావచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్ అయితే మామూలు డ్రైవర్ పనికిరాదు, ఆ ప్రాసెసర్‌కు విడిగా రాసినదే కావాలి. ఇక యూఎస్‌బీ ప్రింటర్లకు సూచనల కాగితంలో తరచూ ఒక హెచ్చరిక ఉంటుంది: చెప్పేవరకు కేబుల్ తగిలించవద్దు అని. తొందరలో ముందే తగిలిస్తే విండోస్ తనకు తోచిన డ్రైవర్ వేసుకుని కూర్చుంటుంది. దాన్ని తీసేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

వీలైతే పరికరాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలించి చూడండి. రెండు చోట్లా కలవకపోతే తప్పు ఎక్కడుందో దాదాపు తేలినట్టే. ఆ ప్రయత్నాన్ని ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. తెర మీద కనిపించే ఎర్రర్ నంబర్ కూడా ఫోటోలో పడాలి.

షాపు వాళ్ళు కంపెనీని చూపిస్తారు, కంపెనీ షాపును చూపిస్తుంది. ఎవరి మీద ఫిర్యాదు చేయాలి?

ఇద్దరి మీదా. ఎవరి వాటా ఎంతో తేల్చడం కొన్నవారి పని కాదు, వినియోగదారుల కమిషన్ పని. దిగుమతి చేసిన సరుకైతే దిగుమతిదారును కూడా చేర్చండి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబర్, ఈమెయిల్ పెట్టె మీద ఉండి తీరాలి. అవి లేకపోవడం విడిగా మరో ఉల్లంఘన, దాన్ని తూనికలు, కొలతల శాఖకు చెప్పవచ్చు.

ఆన్‌లైన్‌లో కొన్నాను. వాపసు గడువు ఏడు రోజులు దాటిందని తీసుకోవడం లేదు.

ఆ ఏడు రోజులు వాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో తిరిగి ఇవ్వడానికి ఆ గడువు వర్తిస్తుంది. లోపం ఉన్న సరుకు మీద మీ హక్కుకు దానితో సంబంధం లేదు. కమిషన్‌కు వెళ్ళడానికి చట్టం ఇచ్చిన గడువు, వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి 2 సంవత్సరాలు.

2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఇంకా సూటిగా చెప్పాయి. సరుకులో లోపం ఉన్నా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన సమయానికి అందకపోయినా అమ్మకందారు వాపసు తీసుకోనని, డబ్బు ఇవ్వనని అనకూడదు. ‘ప్రకటించిన లక్షణాలు’ అన్న మాటను గుర్తుంచుకోండి. అమ్మకపు పేజీలో ‘మ్యాక్‌కు కూడా పనిచేస్తుంది’ అని రాశారనుకోండి, అదొక ప్రకటించిన లక్షణం. ఆ పేజీని కొన్నరోజే స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి, ఎందుకంటే పేజీ రేపు మారవచ్చు.

ప్రతి ఈ-కామర్స్ సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఆయన పేరు, ఫోన్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. చాట్‌లో జవాబిచ్చే యంత్రంతో గంటలు గడపవద్దు. ఆ అధికారికే ఈమెయిల్ రాయండి.

బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర వేశారు.

మంచి సరుకు విషయంలో అది వాళ్ళ ఇష్టం. లోపం ఉన్న సరుకు విషయంలో ఆ ముద్ర మీ దారికి అడ్డం రాదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే పేర్కొంది. బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా అదే జాబితాలో చేర్చింది. బిల్లు లేకుండా రెండు వందలు తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. ఆ రెండు వందలకు మీరు అమ్ముకునేది మీ హక్కును.

జిరాక్స్ షాపు కోసం కొన్నాను. వ్యాపారానికి కొంటే వినియోగదారు కారంటున్నారు.

సగం నిజం. వ్యాపార ప్రయోజనానికి కొన్నవారిని చట్టం వినియోగదారుగా చూడదు. అయితే సొంత కష్టంతో, కేవలం బతుకుతెరువు కోసం చేసే స్వయం ఉపాధికి కొంటే అది వ్యాపార ప్రయోజనం కాదని ఆ చట్టమే వివరణ ఇచ్చింది. సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో ఈ గీతను స్పష్టం చేసింది. తన టైప్‌రైటర్‌తో తానే ఇతరులకు టైపు చేసిపెట్టి బతికేవాడు వినియోగదారే. కాబట్టి మీరే కూర్చుని నడుపుకునే జిరాక్స్ షాపుకు, మీసేవ కేంద్రానికి కొన్న స్కానర్, ప్రింటర్ మీద దర్జాగా ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదులో ‘ఇది నా స్వయం ఉపాధి, దీని మీదే నా కుటుంబం బతుకుతోంది’ అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే ఫిర్యాదు మొదట్లోనే కొట్టివేతకు గురయ్యే ప్రమాదం ఉంది.

కొత్త పరికరం తగిలించగానే నా లాప్‌టాప్ పోర్టు కాలిపోయింది.

ఇది 2019 చట్టంలోనే వేరే అధ్యాయం కిందికి వస్తుంది. లోపమున్న సరుకు మీ ఇతర ఆస్తికి నష్టం చేస్తే, తయారీదారుతో పాటు కొన్ని సందర్భాల్లో అమ్మకందారు కూడా ఉత్పత్తి బాధ్యత కింద పరిహారం ఇవ్వాలి. లాప్‌టాప్‌ను బాగుచేయించకముందే అధీకృత సర్వీసు సెంటర్‌లో చూపించి, కారణం రాసిన కాగితం తీసుకోండి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి తెచ్చిన పరికరం ఇక్కడ పనిచేయడం లేదు.

ముందు కరెంటు చూడండి. అక్కడ ఇళ్ళలో 120 వోల్టులు, మన దగ్గర 230. అడాప్టర్ మీద 100-240 అని ఉంటే ఫర్వాలేదు. లేకపోతే ప్లగ్గు మార్చి తగిలించవద్దు, కాలిపోతుంది. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. కొన్ని ప్రింటర్లు ఆ ప్రాంతానికి కేటాయించిన ఇంకు కార్ట్రిడ్జ్‌లనే ఒప్పుకుంటాయి. అమ్మకం అక్కడ జరిగింది కనుక ఇక్కడి షాపును, ఇక్కడి కమిషన్‌ను ఆశ్రయించడం కష్టం. బిల్లు అబ్బాయి దగ్గరే ఉంటుంది కాబట్టి ఫిర్యాదు అతనే అక్కడ చేయాలి. ప్రింటర్ లాంటివి పెట్టెలో పెట్టుకుని రమ్మని పిల్లలకు చెప్పకపోవడమే మంచిది.

కొన్నప్పుడు బాగానే ఉంది. కంపెనీ అప్‌డేట్ వచ్చాక వేరే కంపెనీ ఇంకు ఒప్పుకోవడం మానేసింది.

ఇది నాకు అన్నిటికంటే అన్యాయంగా తోస్తుంది. సొమ్ము పోసి కొన్న వస్తువు, కొన్న తర్వాత, మన ఇంట్లోనే, మన అనుమతి లేకుండా మారిపోతోంది. ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ 2020 డిసెంబరులో సరిగ్గా ఇలాంటి వ్యవహారంలోనే హెచ్‌పీ కంపెనీకి కోటి యూరోల జరిమానా వేసింది. ఈ పరిమితి గురించి కొనేవారికి సరిగా చెప్పలేదన్నది అందులో ప్రధాన ఆరోపణ.

మన చట్టంలో అప్‌డేట్ల గురించి విడిగా నియమం లేదు. కానీ సరుకు నాణ్యత, ప్రమాణాల గురించి తెలుసుకునే హక్కు చట్టంలో రాసి ఉంది. ఇంకు విషయంలో పరిమితి ఉందని పెట్టె మీద గానీ అమ్మకపు పేజీలో గానీ చెప్పకపోతే, ఆ దాపరికం మీద ఫిర్యాదు నిలబెట్టవచ్చు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. మొబైళ్ళు, ఎలక్ట్రానిక్ సరుకులు కూడా దాని పరిధిలో ఉన్నాయి. మీ కంపెనీ వారంటీ షరతులు, విడిభాగాల వివరాలు అక్కడ పెట్టిందో లేదో చూడండి.

డ్రైవర్ కోసం గూగుల్‌లో వెతికితే కస్టమర్ కేర్ నంబర్ దొరికింది. వాళ్ళు నా కంప్యూటర్‌ను తమ చేతికి ఇమ్మంటున్నారు.

ఇవ్వకండి. విసిగిపోయి, అర్ధరాత్రి దొరికిన నంబర్‌కు ఫోన్ చేసే మనిషి కోసమే మోసగాళ్ళు కాచుకుని ఉంటారు. ఏదో యాప్ వేయించి, మీ తెరను తాము చూస్తూ, ‘సర్వీసు చార్జీ పది రూపాయలు కట్టండి’ అంటారు. ఆ పది రూపాయలు కట్టేటప్పుడు మీ బ్యాంకు వివరాలన్నీ వాళ్ళ కళ్ళముందుంటాయి. నంబర్‌ను పెట్టె మీది నుంచో, వారంటీ కార్డు నుంచో మాత్రమే తీసుకోండి. డబ్బు పోయిందని తెలియగానే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంతకీ ఫిర్యాదు ఎలా చేయాలి? లాయరు కావాలా?

అక్కర్లేదు. మొదట అమ్మినవారికీ, కంపెనీకీ ఒకే ఈమెయిల్ రాయండి. ఏ రోజు కొన్నారు, పెట్టె మీద ఏం రాసి ఉంది, మీ కంప్యూటర్ ఏది, ఏం ప్రయత్నించారు, ఏం కోరుతున్నారు, ఈ ఐదూ ఉంటే చాలు. తిట్లు వద్దు. పదిహేను రోజుల గడువివ్వండి.

కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్ళు తీర్పు ఇవ్వరు, మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు రాబడతారు. చిన్న గొడవలు చాలావరకు ఇక్కడే తెగుతాయి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. జనం నోట్లో ఇప్పటికీ ఫోరం అనే పేరే ఉంది. సరుకుకు చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉన్నా, గుర్‌గావ్‌లో ఉన్నా మీరు అక్కడికి పోనక్కర్లేదు. మీరు ఉండే జిల్లాలో, లేదా పనిచేసే జిల్లాలో వేయవచ్చు. శ్రీకాకుళంలో ఉన్నవారు శ్రీకాకుళంలోనే, ఆదిలాబాద్‌లో ఉన్నవారు ఆదిలాబాద్‌లోనే. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, విచారణ వీడియోలో జరపమని కోరవచ్చు.

అవతలివారు 30 రోజుల్లో జవాబు వేయాలి. కమిషన్ మరో 15 రోజులు ఇవ్వవచ్చు, అంతకు మించి కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. లోపాన్ని ల్యాబ్‌లో పరీక్షించాల్సిన అవసరం లేకపోతే 3 నెలల్లో, ఉంటే 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది, ముందే మనసు సిద్ధం చేసుకోండి. పెట్టె ఫోటో, వీడియో ఉంటే ల్యాబ్ అవసరం తగ్గుతుంది, ఆలస్యమూ తగ్గుతుంది.

మరమ్మతు, మార్పిడి, వడ్డీతో డబ్బు వాపసు, నష్టపరిహారం, ఖర్చులు, వీటిలో ఏవి కావాలో మీరే అడగాలి. ఆదేశాన్ని పాటించనివారికి నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

చివరికి మీ ప్రింటర్ సంగతి ఏమైంది?

మా ఆవిడ ఆ పెట్టెను పారేయకుండా అటక మీద పెట్టింది. ఒక పక్కన చిన్న అక్షరాల్లో మా కంప్యూటర్‌లో ఉన్న విండోస్ పేరు స్పష్టంగా ఉంది. ఆ పక్క ఫోటో, బిల్లు, రెండు కంప్యూటర్లలో తీసిన వీడియో జతచేసి ఈమెయిల్ పంపాను, 1915కు ఫోన్ చేశాను. పంతొమ్మిదో రోజున కంపెనీ మనిషి వచ్చి ప్రింటర్ తీసుకెళ్ళాడు. ఆ వారంలోనే పూర్తి డబ్బు మా ఖాతాలో పడింది.